ఏలూరు రోడ్డులో మా కాంప్లెక్స్‌కి పెట్టించిన వాయిస్ అలారం: మెషిన్‌కి నాలుగున్నర, బిగించినవాళ్లకి రెండున్నర

ముందే చెప్పేస్తా. మంటలొస్తే స్పీకర్లలో మాటలతో చెప్పే ఈ సిస్టమ్ బాగుంది, ఐదుకి నాలుగున్నర ఇస్తా. దాన్ని తెచ్చి బిగించిన ఏజెన్సీకి రెండున్నర, అది కూడా చివర్లో వచ్చిన ఇంజనీరు కుర్రాడి మొహం చూసి. ఏజెన్సీ పేరు రాయను, వాళ్లతో మాకు ఇంకా పనుంది. మీ హాస్టల్‌కో, కల్యాణ మండపానికో, ఆసుపత్రికో ఇలాంటిది పెట్టిద్దామని కొటేషన్లు తెప్పించుకుంటూ ఉంటే మాత్రం సంతకం పెట్టేముందు ఇది చదవండి. కాస్త పొడుగే.

మాది విజయవాడ ఏలూరు రోడ్డు మీద కమర్షియల్ కాంప్లెక్స్. సెల్లార్‌లో పార్కింగ్, కింద రెండు ఫ్లోర్లు బట్టల షోరూమ్, ఆపైన డయాగ్నస్టిక్ సెంటర్, దానిమీద బ్యాంకు పరీక్షల కోచింగ్, తర్వాత మాలాంటి చిన్నాచితకా ఆఫీసులు, అన్నిటికంటే పైన బాంక్వెట్ హాలూ దాని కిచెనూ. ఎత్తు 15 మీటర్లు దాటింది కాబట్టి జాతీయ బిల్డింగ్ కోడ్ లెక్కలో హైరైజ్ కిందికే వస్తుంది. ఓనర్స్ అసోసియేషన్‌లో మెయింటెనెన్స్ చూసేది నేనే, అందుకని ఈ పని నా నెత్తిన పడింది.

ఇంతకుముందు మామూలు హూటర్ ఉండేది. కిచెన్ పొగకి ఎప్పుడు పడితే అప్పుడు మోగేది, మోగినప్పుడల్లా వాచ్‌మన్ వెళ్లి నొక్కి ఆపేవాడు, జనం తల కూడా తిప్పేవాళ్లు కాదు. కోచింగ్ పిల్లలు సార్ వైపు చూసేవాళ్లు, సార్ బోర్డు వైపు తిరిగేవాడు, అయిపోయింది. షోరూమ్‌లో అయితే ఎవరిదో కారు అరుస్తోందనుకునేవారు. (కిచెన్‌లో పొగ డిటెక్టర్ పెట్టడమే తప్పు, అక్కడ వేడిని పట్టే డిటెక్టర్ ఉండాలి. మీ దగ్గర కూడా ఇలాగే ఉంటే ముందు అది మార్పించండి, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఉత్తుత్తి అలారాలు ఆగకుండా ఎంత ఖరీదైన సిస్టమ్ పెట్టినా జనం దాన్నీ పట్టించుకోవడం మానేస్తారు.)

ఊళ్లో 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున కోవిడ్ కేర్ సెంటర్‌గా నడుస్తున్న హోటల్లో మంటలొచ్చి పదిమంది పోయిన సంగతి ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు. మా మీటింగుల్లో ఫైర్ అనే మాట ఎత్తితే విసుక్కునేవాళ్లు కూడా ఆ తర్వాత కూర్చుని వినడం మొదలుపెట్టారు. వినడం వేరు, డబ్బు తీయడం వేరు అనుకోండి, దానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

వాయిస్ అలారం అంటే ఏంటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. పొగ డిటెక్టరో, గోడకి ఉండే, మనం నొక్కే ఎర్ర డబ్బానో ఫైర్ ప్యానెల్‌కి, అంటే ఈ కబుర్లన్నీ చేరే కంట్రోల్ పెట్టెకి, కబురు పంపుతుంది. ప్యానెల్ వాయిస్ సిస్టమ్‌కి ఏ ఫ్లోరో చెబుతుంది. అక్కడినుంచి ముందు కొన్ని సెకన్లు టోన్, తర్వాత రికార్డు చేసి పెట్టిన మాట, చిన్న గ్యాప్, మళ్లీ టోన్, మళ్లీ మాట. మంట పుట్టిన ఫ్లోర్‌కీ దాని పైవాళ్లకీ ముందు దిగమని చెబుతుంది, మిగతా ఫ్లోర్లకి సిద్ధంగా ఉండమని వేరే మాట వినిపిస్తుంది, ఎందుకంటే అందరూ ఒక్కసారి మెట్లమీద పడితే ఎవరూ దిగలేరు. అసలు ఎవరిని ముందు దింపాలనేది బిల్డింగ్‌ని బట్టి మనమే కూర్చుని రాసుకోవాలి. మా ఏజెన్సీ మాత్రం అదేదీ అడక్కుండా అన్ని ఫ్లోర్లకీ ఒకే మాట వచ్చేలా సెట్ చేసి వెళ్లిపోయింది. అడిగితే "అందరూ దిగిపోతే మంచిదేగా సార్" అన్నాడు సూపర్‌వైజరు. రెండు మెట్ల దారుల్లో ఒకదాన్నిండా షోరూమ్ వాళ్ల అట్టపెట్టెలు ఉన్నాయి మరి, అది కూడా చూశాడు ఆయన. ఆ పెట్టెలు తీయించడానికి పడిన తిప్పలు రాస్తే ఇంకో రివ్యూ అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. కొటేషన్లలో అందరూ రాసేది వాట్లు, స్పీకర్ల సంఖ్య, కంపెనీ పేరు. మనం అడగాల్సింది మాట అర్థమవుతోందా అని. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మాకు మొదటిసారి ఆన్ చేసి చూపించినప్పుడు మెట్ల దారిలో శబ్దం చెవులు చిల్లులు పడేలా వచ్చింది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గోడలకి టైల్స్, కింద గ్రానైట్, పైనుంచి కిందిదాకా ఖాళీ. మాట వెళ్లి గోడకి కొట్టుకుని తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతోంది. వినపడట్లేదంటే వాళ్లు ఏం చేశారో తెలుసా, వాల్యూమ్ ఇంకా పెంచారు. ఇంకా ముద్దగా అయిపోయింది.

మాట ఎంత స్పష్టంగా అందుతోందో కొలవడానికి ఎస్‌టీఐ (స్పీచ్ ట్రాన్స్‌మిషన్ ఇండెక్స్) అని ఒక కొలత ఉంది, 0 నుంచి 1 వరకు. 0.5, ఆపైన వస్తే పర్వాలేదంటారు. దానికి మీటర్ ఉంటుంది, ఒక ప్రత్యేకమైన శబ్దాన్ని స్పీకర్లలో వదిలి అక్కడక్కడా నిలబడి కొలుస్తారు. మా ఏజెన్సీ దగ్గర ఆ మీటర్ లేదు. వాళ్లు తెచ్చింది డెసిబెల్ మీటర్, అది ఎంత గట్టిగా ఉందో చెబుతుంది కానీ అర్థమవుతోందో లేదో చెప్పదు. గట్టిగా మేం పట్టుబడితే కంపెనీ తరఫున హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, వచ్చీ రాగానే మెట్ల దారి చూసి తల పట్టుకున్నాడు. ఉన్న పెద్ద స్పీకర్లు కొన్ని తీసేయించి, ప్రతి మలుపులో చిన్నవి పెట్టించి, ఒక్కోదానికీ పవర్ తగ్గించాడు. ఆరు వాట్ల స్పీకర్‌ని ఒకటిన్నర వాట్ ట్యాప్ మీద, అంటే అంత పవరే తీసుకునే సెట్టింగ్ మీద, పెట్టాడు. మా కోశాధికారి గారికి అదొక పెద్ద అనుమానం, "ఆరు వాట్లకి డబ్బులు తీసుకుని ఒకటిన్నరకి తగ్గిస్తారేంటండీ" అని. దానికి ఆ కుర్రాడు చెప్పిన లెక్క నాకు నచ్చింది: పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే, అదే స్పీకర్ దగ్గరకి సగం దూరం జరిగితే ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే దూరం నుంచి అరిచే ఒక్క స్పీకర్ కంటే దగ్గర్నుంచి మామూలుగా మాట్లాడే నాలుగు నయం. ఆ మార్పు తర్వాత మెట్లమీద ప్రతి మాటా తెలుస్తోంది. మరి ఈ లెక్క అమ్మేవాళ్లకి ఎందుకు తెలియదో అర్థం కాదు, లేదా తెలిసీ పట్టించుకోరేమో.

గదుల సంగతి కూడా ఇంతే. వరండాలో స్పీకర్ పెట్టి గదిలోకి వినపడుతుందిలే అనుకుంటారు. తలుపులు వేసి ఏసీ ఆన్ చేసి ఉన్న అద్దాల క్యాబిన్‌లోకి మాట వెళ్లదు, శబ్దం వెళ్తుందంతే. డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఎక్స్‌రే గది తలుపు మామూలు తలుపు కాదు, లోపల సీసం రేకు ఉంటుంది, బయట ఏం మోగినా లోపల ఉన్నవాళ్లకి తెలియదు. టాయిలెట్లు సరేసరి. ఇవన్నీ మొదటి డ్రాయింగ్‌లో ఖాళీగానే ఉన్నాయి. మీది హాస్టలో లాడ్జో అయితే ఇంకా జాగ్రత్త, పడుకునే చోట తలగడ దగ్గర 75 డెసిబెల్స్ రావాలని బ్రిటిష్ ప్రమాణం అంటుంది, తలుపు మూసి కొలవాలి. తలుపు తీసి కొలిచి సంతకం పెట్టించుకునేవాళ్లు ఉంటారు.

బాంక్వెట్ హాలు దగ్గర ఇంకో గొడవ. అక్కడ పెళ్లి రిసెప్షన్ జరుగుతుంటే డీజే బాక్సుల ముందు మన స్పీకర్ ఏం వినపడుతుంది? హాలు వాళ్ల సొంత మైక్ సిస్టమ్‌ని ఫైర్ ప్యానెల్ నుంచి రిలే (దానంతటదే పడే చిన్న స్విచ్) పెట్టి ఆపేయొచ్చు, అది సులువే, ఏజెన్సీ కూడా అంతవరకే చేసింది. కానీ డీజేలు, బ్యాండ్ వాళ్లు సొంత బాక్సులు తెచ్చుకుంటారు, ఎక్కడ సాకెట్ దొరికితే అక్కడ పెడతారు. చివరికి స్టేజీ పక్కన రెండు సాకెట్లకి మాత్రమే సౌండ్ కనెక్షన్ ఇస్తామని హాలు బుకింగ్ కాగితంలో రాయించి, ఆ రెండింటికీ కరెంటు ఫైర్ ప్యానెల్ ట్రిప్ చేసే కాంటాక్టర్ (పెద్ద కరెంటుని ఆపే స్విచ్) మీదుగా వచ్చేలా చేయించాం. అలారం వస్తే డీజే గొంతు నొక్కుకుపోతుంది, మన మాట వినపడుతుంది. ఈ ఆలోచన మా ఎలక్ట్రీషియన్‌ది, ఏజెన్సీది కాదు.

ఇక మాటల గురించి. సిస్టమ్‌తో పాటు రికార్డింగ్ ఇంగ్లిష్‌లో వచ్చింది, వెనకాల హిందీ. తెలుగు కావాలంటే ఏజెన్సీ వాళ్లు ఎవరిచేతో చెప్పించి తెచ్చారు. "అత్యవసర పరిస్థితి ఏర్పడినందున భవనమునందలి వారందరూ సమీప నిష్క్రమణ ద్వారముల గుండా..." అని మొదలై ఎంతసేపటికీ అవ్వదు. షోరూమ్‌లో చీరలు మడతపెట్టే అమ్మాయికి మొదటి ముక్క అయ్యేలోపే ధ్యాస పోతుంది. మేం కూర్చుని ఇలా రాసుకున్నాం: "ఈ ఫ్లోర్‌లో మంటలు వచ్చినట్టు అలారం వచ్చింది. పని ఆపేసి ఇప్పుడే మెట్ల మీదుగా కిందికి దిగండి. లిఫ్ట్ ఎక్కకండి." అంతే. దీని మీద కూడా కమిటీలో పెద్ద చర్చ. ఒకాయన "మంటలు అని చెప్తే జనం హడలిపోయి తొక్కిసలాట అవుతుందండీ, టెక్నికల్ కారణాల వల్ల అని చెబుదాం" అన్నారు. మన దగ్గర చాలామంది ఇలాగే అనుకుంటారు. అసలు సమస్య జనం హడలిపోవడం కాదు, కదలకపోవడం. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో మాన్యుమెంట్ మెట్రో స్టేషన్లో 1990 ప్రాంతంలో దీనిమీద నిజంగానే పరీక్ష చేసి చూశారు, గీలెన్ ప్రూ, జోనథన్ సైమ్ అని ఇద్దరు పరిశోధకులు. ఉత్త బెల్ మోగినప్పుడు జనం పెద్దగా పట్టించుకోలేదు, ఏం జరుగుతోందో, ఎటు వెళ్లాలో మైకులో సూటిగా చెప్పినప్పుడు త్వరగా కదిలారు. జనానికి నిజం చెప్పమనే వాళ్లు కూడా తేల్చారు. ఇది చెప్పాక ఆ పెద్దాయన ఒప్పుకోలేదు కానీ ఓటింగ్‌లో చేయి మాత్రం దించేశారు.

గొంతు మా ఫ్లోర్‌లోనే ఆడిటర్ ఆఫీసులో పనిచేసే ఒకావిడది. ఫోన్‌లో కాదు, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న స్టూడియోలో నిదానంగా చెప్పించాం. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లిష్. హిందీ కూడా పెట్టాలా అని చాలాసేపు అనుకున్నాం, కిచెన్‌లో ఒడిశా, బెంగాల్ కుర్రాళ్లు ఉన్నారు కాబట్టి ఆ ఫ్లోర్‌కి మాత్రం పెట్టాం. అన్ని ఫ్లోర్లకీ మూడు భాషలు పెడితే తెలుగు మాట తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. ఇది మార్పించడానికి ఏజెన్సీ మళ్లీ డబ్బులడిగింది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. ఇది అన్నిటికంటే నాకు కోపం తెప్పించిన విషయం. మన డబ్బుతో కొన్న సిస్టమ్ తాళం వాళ్ల జేబులో ఉంటుంది, వాళ్లు రేపు దుకాణం మూసేస్తే ఒక్క మాట కూడా మార్చుకోలేం. పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి: పాస్‌వర్డ్, సెట్టింగుల బ్యాకప్, ఏ కేబుల్ ఎటు పోయిందో చూపించే చివరి డ్రాయింగ్, ఈ మూడూ చేతికిస్తేనే ఆఖరి బిల్లు అని.

కేబుల్ సంగతి కూడా చెప్పాలి, ఇక్కడే మోసం ఎక్కువ. ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ వైర్ వేస్తాం, ఫైర్ వైరే అంటారు. దాని గుణం మంటని పాకనివ్వకపోవడం, పొగ తక్కువ రావడం. మంటలో ఉండి కూడా పనిచేస్తూ ఉండడం దాని గుణం కాదు. స్పీకర్ లైన్లకి కావాల్సింది ఫైర్ సర్వైవల్ కేబుల్, లోపల మైకా టేప్ చుట్టి ఉంటుంది, ధర బాగా ఎక్కువ. మా కొటేషన్‌లో సర్వైవల్ కేబుల్ రాసి సైటుకి ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ కాయిల్స్ దించారు. కాయిల్ మీద అచ్చు చదివి వెనక్కి పంపించాం. "పొరపాటున వచ్చింది సార్" అన్నారు. సరే.

సిస్టమ్ మెచ్చుకోదగ్గది ఎందుకంటారా, ఇందుకే. ఇది యూరప్ ప్రమాణం ఈఎన్ 54-16 సర్టిఫికెట్ ఉన్న వాయిస్ ప్యానెల్, స్పీకర్లకి ఈఎన్ 54-24. సర్టిఫికెట్ కాగితం మాట పక్కనపెడితే, ఇది తనని తాను చూసుకుంటూ ఉంటుంది. ఇంజనీరు ముందే నిచ్చెన వేసి ఒక స్పీకర్ లైన్ తీగ పీకేశాను, కాసేపట్లోనే ప్యానెల్ మీద ఏ లైనో చూపిస్తూ ఫాల్ట్ వచ్చింది. మైక్ పీకితే దానికీ వచ్చింది. ప్రతి ఫ్లోర్‌లో స్పీకర్లు రెండు లైన్ల మీద ఒకటి విడిచి ఒకటి ఉన్నాయి, ఒక లైన్ కాలిపోయినా రెండోదాని మీద మాట వస్తూనే ఉంటుంది. ఒక లైన్ ఆపించి ఫ్లోరంతా తిరిగి విన్నాం, వాల్యూమ్ తగ్గింది కానీ మాట అర్థమవుతూనే ఉంది. గుడి మైకుకి వాడే ఆంప్లిఫయర్‌కి స్పీకర్లు తగిలించి నాలుగో వంతు ధరకి చేసిస్తామన్నవాళ్లు కూడా వచ్చారు మాకు. అవి వాటి పనికి బాగానే ఉంటాయి. కానీ ఎలుక వైరు కొరికేసిన సంగతి అవి చెప్పవు, అవసరం పడిన రోజే తెలుస్తుంది.

బ్యాటరీ 24 గంటలు ఊరికే ఉండి, ఆ తర్వాత అరగంట మాట్లాడగలగాలి, మాకు ఇచ్చింది ఆ లెక్కకే. మెయిన్ ఆపేసి మర్నాడు అలారం ఇచ్చి చూస్తే పనిచేసింది. కానీ బ్యాటరీలని గాలాడని షాఫ్ట్ గదిలో పెట్టబోయారు. బెజవాడ ఎండల్లో, రోహిణి కార్తెలో ఆ గదిలో ఐదు నిమిషాలు నిలబడలేం, వేడికి బ్యాటరీ ఆయుష్షు ఎంత తగ్గుతుందో వాళ్లకి చెప్పాల్సి వచ్చింది. ప్యానెల్ అయితే మొదట సెల్లార్‌లో వాచ్‌మన్ గది పక్కన పెడతామన్నారు! 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు సెల్లార్లు ఏమయ్యాయో చూసిన ఊరు ఇది. మావైపు నీళ్లు రాలేదు, అయినా ఎందుకొచ్చిన రిస్క్. గ్రౌండ్ ఫ్లోర్ లాబీలో పెట్టించాం. ఫైర్ ఇంజన్ వాళ్లు వచ్చి మైక్ పట్టుకుని మాట్లాడాలన్నా అక్కడైతేనే కుదురుతుంది.

ఏప్రిల్ 14న అగ్నిమాపక వారోత్సవాలు మొదలైనప్పుడు డ్రిల్ పెట్టాం. కోచింగ్ పిల్లలు చక్కగా దిగారు, ఒక్కరు కూడా సార్ వైపు చూడలేదు. ఆఫీసులు ఫర్వాలేదు. షోరూమ్ బిల్ కౌంటర్ దగ్గర మాత్రం "ఈ ఒక్క బిల్లు కొట్టేయ్ అమ్మా" అని ఒక కస్టమర్, కొడుతూ కూర్చున్న క్యాషియర్, పైన స్పీకర్లో ఆవిడ గొంతు దిగమని చెబుతూనే ఉంది. దానికి సిస్టమ్ ఏం చేస్తుంది. డయాగ్నస్టిక్ సెంటర్‌లో వినికిడి సమస్య ఉన్న ఒక తాతగారు హాయిగా పేపర్ చదువుకుంటూ ఉండిపోయారు, వాళ్ల మనవరాలు వచ్చి తీసుకెళ్లింది. అలాంటివాళ్ల కోసం వెలిగి ఆరే లైటు ఉంటుంది, మా కొటేషన్‌లో అది లేదు, ఇప్పుడు విడిగా తెప్పిస్తున్నాం.

సర్వీసు గురించి: ఫోన్ చేస్తే ఎత్తుతారు, వస్తామంటారు, రారు. ఒకసారి ఫాల్ట్ బజర్ మోగుతుంటే రాత్రి వాచ్‌మన్ సైలెన్స్ నొక్కి పడుకున్నాడు, పాత హూటర్ అలవాటు. ఇప్పుడు ప్యానెల్ పక్కన తెలుగులో కాగితం అంటించాం, ఏ లైటు వెలిగితే ఎవరికి ఫోన్ చేయాలో. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) వేరేవాళ్లకి ఇద్దామంటే పాస్‌వర్డ్ పంచాయితీ అడ్డం వచ్చింది, పైన చెప్పాగా.

ఖర్చు జీఎస్టీతో కలిపి పన్నెండు లక్షల దరిదాపుల్లో తేలింది, అందులో కేబుల్, పైపింగ్ వాటా మేం అనుకున్నదానికంటే ఎక్కువ. అందరికీ ఇది అవసరమా అంటే కాదు. మూడు ఫ్లోర్ల చిన్న అపార్ట్‌మెంట్‌కి మంచి డిటెక్టర్లు, గట్టి హూటర్, ఖాళీగా ఉన్న మెట్లు చాలు. ఊరికి కొత్తవాళ్లు వచ్చిపోయే చోట, అంటే షాపింగ్ మాల్, లాడ్జి, కల్యాణ మండపం, ఆసుపత్రి, వందల మంది పిల్లలుండే కోచింగ్ హాస్టళ్లు, అక్కడ మాత్రం ఇది ఉండాల్సిందే. ఆసుపత్రి అయితే ముందు స్టాఫ్‌కి మాత్రమే తెలిసే మాట, తర్వాతే అందరికీ చెప్పేది, అలా సెట్ చేయించుకోవాలి, మంచం మీద ఉన్నవాళ్లని మెట్లు దిగమంటే ఎలా దిగుతారు. బాష్, టోవా, హనీవెల్ లాంటివాళ్ల సిస్టమ్‌లు మార్కెట్లో ఉన్నాయి, ఏది తీసుకున్నా ఎస్‌టీఐ మీటర్ తెచ్చి కొలిచి చూపిస్తారా అని ముందు అడగండి. ఆ మాటకి నీళ్లు నమిలినవాళ్లకి ఆర్డర్ ఇవ్వకండి.

సెల్లార్ ర్యాంప్ దగ్గర రెండు స్పీకర్లు ఇంకా పెట్టాలి, అక్కడ మాట ఇప్పటికీ ముద్దగానే ఉంది. వచ్చే వారం, వచ్చే వారం అంటున్నారు. ఆఖరి పది శాతం చెక్కు మా కోశాధికారి గారి బీరువాలో ఉంది, ఆయన దాన్ని ఇచ్చే మూడ్‌లో అస్సలు లేరు.